కొత్త కాళ్ళతో చల్లపల్లి దాకా

విజయవాడ నుంచి చల్లపల్లి వెళ్ళడం పెద్ద ప్రయాణమేమీ కాదు. ఇరిగేషన్ శాఖలో ఉన్న రోజుల్లో నేను తరచూ పోయివచ్చిన దారే. ఈసారి పక్కన చేతికర్రతో శీను ఉన్నాడు కాబట్టి ముందురోజే బస్సుల వేళలు కనుక్కుని రాసిపెట్టుకున్నాను. కాళ్ళు బాగాలేనివాళ్ళను వెంటబెట్టుకుని ఈ దారిన వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

శీను మా తమ్ముడి కొడుకు. హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం. మనిషి పొట్టి. ముప్ఫై దాటినా, వచ్చిన సంబంధాలన్నీ ఎత్తు దగ్గరే ఆగిపోయేవి. నిరుడు ఎవరికీ చెప్పకుండా పొడుగు పెరిగే ఆపరేషన్ చేయించుకున్నాడు. మోకాళ్ళ కింద ఎముకలు కోసి, లోపల రాడ్లు వేసి, రోజుకు కాస్తంత చొప్పున ఎడంగా జరుపుతారు. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. అలా మూడంగుళాలు పెరిగాడు. తల్లీతండ్రీ లేరు, చూసుకునేవాళ్ళు లేక, కర్రలు పట్టుకుని సత్యనారాయణపురంలోని మా ఇంటికి వచ్చాడు. మాది కింది వాటా, మెట్లు లేవు. రోజూ ఆటోలో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేవాణ్ణి. వాళ్ళక్క సుజాతకు మాత్రం బైకు మీంచి పడ్డానని చెప్పాడు. చూడటానికి వస్తానంటే ఏదో ఒక వంక పెట్టి ఆపేవాడు.

ఇప్పుడు సుజాత కూతురు హారిక పెళ్ళి. మా వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామే మోసుకొచ్చి పీటల దగ్గర దించాలి. హారికకు ఉన్నది ఒక్క మేనమామ. కొత్త ఎముక ఇంకా గట్టిపడలేదు, బరువెత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"గదిలోంచి పందిట్లోకేగా పెదనాన్నా, ఎత్తేస్తాను" అన్నాడు శీను, బస్టాండుకు వెళ్ళే ఆటోలో.

"విరిగితే?"

"హారికకు చిన్నప్పుడే మాటిచ్చాను. నేను కాకపోతే ఎందుకు కాలేదో చెప్పాలి కదా."

ఏడున్నరకల్లా అవనిగడ్డ బస్సు దగ్గరున్నాం. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి దారిలో ఎక్కితే సీటు దొరకదు. బయల్దేరే చోటే ఎక్కడం మంచిది. ఆధార్ కార్డు దగ్గరుంచుకుంటే నా వయసువాళ్ళకు టికెట్టులో రాయితీ ఉంది. బస్సు మెట్టు ఎత్తు. శీను కర్ర నాకిచ్చి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని, పంటి బిగువున ఎక్కాడు.

కంకిపాడులో కూరల సంచితో ఒకావిడ ఎక్కితే, మేం కాస్త సర్దుకుని మా పక్కన చోటిచ్చాం. కర్రను చూసింది.

"ఏమైంది బాబూ?"

"బైకు మీంచి పడ్డానండి."

"ఏ కాలు?"

"రెండూనండి."

"రెండూ ఒకేసారి విరిగేట్టు ఎలా పడ్డావయ్యా" అని కాసేపు ఆలోచించింది. "నల్లేరు పచ్చడి తిను. మా ఆయనకు నెల్లాళ్ళు పెట్టాను. ఎముక అతుక్కుంది గానీ, ఇప్పటికీ ఆ పచ్చడిని తలుచుకుని నన్ను తిడతాడు."

ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల వెనక పావుగంట ఆగిపోయాం. ఆవిడ అక్కడే దిగిపోయింది. శీను పామర్రు దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పదిన్నరకు చల్లపల్లిలో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో సుజాత వాళ్ళ ఊరు చేరాం. సుజాత పరుగున వచ్చి తమ్ముణ్ణి పట్టుకుంది. "చిక్కిపోయావురా" అంటూనే వంటవాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయింది. గుమ్మంలో కూర్చున్న సుజాత అత్తగారు మాత్రం వదల్లేదు.

"ఏం శీనూ, ఎత్తు మడమల చెప్పులా?"

"చెప్పులు బయటే విడిచానండి."

"అయితే నేనే కుంగిపోయానన్నమాట."

హారిక గదిలోంచి తొంగిచూసి నవ్వింది. ఈ పిల్ల కాలేజీ రోజుల్లోనే మేనమామను మించి పొడుగైంది. పండగల్లో అతని భుజం మీద మోచెయ్యి పెట్టి, "చెయ్యి ఆనించుకోవడానికి సరిగ్గా సరిపోతావు మామయ్యా" అనేది. అందరితోపాటు శీనూ నవ్వేవాడు. తర్వాత పండగలకు రావడం తగ్గించాడు.

నాలుగింటికి సుజాత మేనమామకు పెట్టే కొత్త బట్టలు తెచ్చింది. చల్లపల్లి దర్జీ దగ్గర శీను పాత కొలతలు ఉంటే, వాటితోనే కుట్టించింది. ఆ సంగతి ఆమె ముందుగా చెప్పలేదు, అడగాలని మాకూ తోచలేదు. శీను వేసుకుని వచ్చేసరికి ప్యాంటు చీలమండలకు పైనే ఆగిపోయింది.

"గుడ్డ నొక్కేశాడు" అని సుజాత ఫోను తీసింది. "పెళ్ళి పూట నా తమ్ముడికి పొట్టి ప్యాంటా. ఉండు, వాడి పని చెప్తా."

శీను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆయన తప్పేం లేదక్కా. నా కాళ్ళే పొడుగయ్యాయి."

మంచం మీద కూర్చుని మొత్తం చెప్పాడు. ప్యాంటు పైకి లాగి మచ్చలు చూపించాడు. సుజాత నిలబడే వింది.

"ఎముకలు కోయించుకునేంత మాట నిన్ను ఎవడన్నాడురా?"

"నువ్వే అక్కా. ప్రతి సంబంధానికీ ముందు నువ్వే చెప్పేదానివి. మావాడు కాస్త పొట్టి గానీ, బంగారమండీ అని."

సుజాత వంగి ఆ మచ్చలను ఒకసారి వేలితో తడిమింది. తర్వాత ఆ ప్యాంటు విప్పి ఇమ్మంది. అంచు తిరగేసి చూస్తే లోపల మడతలో రెండంగుళాలకు పైగా గుడ్డ ఉంది. కిటికీ దగ్గర కూర్చుని కుట్టు విప్పడం మొదలుపెట్టింది.

"బుట్ట ఎత్తొద్దు నువ్వు" అంది, తల ఎత్తకుండా.

"మరి మేనమామ ఎవరు?"

సుజాత దారం పళ్ళతో తెంపింది. పొడిగించిన ప్యాంటును తనే ఇస్త్రీ చేసి తెచ్చింది. పాత మడత గీత కొద్దిగా కనిపిస్తూనే ఉంది.

ఏడు గంటలకు పందిట్లో పురోహితుడు మేనమామను పిలిచాడు. శీను కర్ర గోడకు ఆనించి బుట్ట దగ్గరకు వెళ్ళాడు. వంగబోతుంటే సుజాత అడ్డం వచ్చింది.

"మోసేవాళ్ళు వేరే ఉండి, మేనమామ చెయ్యి వేస్తే సరిపోదా అండీ?"

"చెయ్యి ఉంటే చాలమ్మా. ముహూర్తం దాటకపోతే నాకంతే చాలు" అన్నాడు పురోహితుడు.

పెళ్ళికూతురి పెదనాన్న కొడుకులు నలుగురు బుట్ట లేపారు. సుజాత కర్ర తెచ్చి తమ్ముడి చేతికిచ్చి, రెండో చెయ్యి బుట్ట అంచు మీద తనే పెట్టింది. కుర్రాళ్ళు జోరుగా రెండడుగులు వేసేసరికి శీను చెయ్యి జారింది. బుట్ట ఆగింది.

"మామయ్య నడకతో నడవండిరా" అంది హారిక పైనుంచి.

ఊగుతున్న బుట్టలోంచి పడిపోతానని భయపడి ఆమె శీను భుజం గట్టిగా పట్టుకుంది. అతను ఆగినచోట బుట్ట ఆగింది, కదిలితే కదిలింది. సన్నాయి వాళ్ళూ వాయిద్యం తగ్గించి అదే నడకకు వచ్చారు. పురోహితుడు వాచీ చూసుకున్నాడు గానీ తొందరపెట్టలేదు. పీటల దగ్గరకు చేరేసరికి శీను చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"చెయ్యి ఆనించుకోవడానికి ఇప్పుడూ సరిపోయావు మామయ్యా" అంది హారిక దిగుతూ. ఈసారి అందరికన్నా ముందు శీను నవ్వాడు.

మర్నాడు ఉదయం సుజాత చల్లపల్లి బస్టాండు దాకా వచ్చింది. ఒక సంబంధం ఉందని చెప్పింది. "ఈసారి నీ ఎత్తు గురించి నేనేం మాట్లాడను. చెప్పాలనుకుంటే నువ్వే చెప్పుకో" అని, అలవాటు కొద్దీ తమ్ముడి కాలరు సర్దడానికి చెయ్యి చాపింది. చెయ్యి మునుపటికన్నా పైకి ఎత్తాల్సి వచ్చింది.

ఈ దారి మునుపటికన్నా బాగుంది, బస్సు మెట్లే బాగుపడలేదు. పెళ్ళికి వచ్చినవాళ్ళలో సగం మంది శీను పెరిగాడని గమనించనే లేదు. గమనించినవాళ్ళూ భోజనాల వేళకు మరిచిపోయారు. అంత నొప్పికి అది చాలా తక్కువ ఫలితమని నాకు అనిపించింది. అతనికేమనిపించిందో నేను అడగలేదు.

బస్సు నిండా జనం. కండక్టరు కర్ర చూసి, "యాక్సిడెంటా అండీ?" అని అడిగాడు.

"కాదండి. పొడుగు కోసం ఆపరేషన్ చేయించుకున్నాను" అన్నాడు శీను, గొంతు తగ్గించకుండానే. ముందు సీట్లవాళ్ళు ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

కండక్టరు అతన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. "అయితే ఇక్కడ మోకాళ్ళు పట్టవు, ముందుకు రండి" అని తన సీటు ఇచ్చాడు.