సముద్రాన్ని తిట్టే మావయ్య

మూడేళ్ళుగా ఎండాకాలం గురించి ఛీ మావయ్య నోట ఒక్క మంచిమాట విన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. చలికాలాన్ని ఆయన ఏమీ అనేవాడు కాదు. వానల జోలికి వెళ్ళేవాడు కాదు. ఎండలు ముదిరి, జనం సాయంత్రాలు ఒడ్డుకు చేరడం మొదలయ్యాక మాత్రం ఆయన నోటికి పగ్గాలుండేవి కావు. సముద్రం ఛీ, ఇసక ఛీ, సముద్రం మీంచి వచ్చే గాలి మరీ ఛీ. పుచ్చకాయ కోసి చేతికిస్తే "నీళ్ళకి రంగేసి అమ్ముతున్నాడు" అనేవాడు. అసలు పేరు కొట్టు బోర్డు మీద ఉండేది గానీ దాన్ని చదివే ఓపిక ఎవరికుంటుంది? వీధి వీధంతటికీ ఆయన ఛీ మావయ్యే.

ఆయనది కిటికీలకు అద్దాలు బిగించే కొట్టు. ఒకసారి ఒక పెద్దమనిషి సముద్రానికి ఎదురుగా కొత్త ఇల్లు కట్టుకుని, హాలు గోడంతా అద్దం కావాలంటూ వచ్చాడు.

"ఏ వైపండీ?" అన్నాడు మావయ్య.

"సముద్రం వైపు."

"అటేముందండీ చూడ్డానికి?"

"సముద్రమే ఉంది."

"అదే నేనూ అంటున్నా. పొద్దస్తమానం దానికొకటే పని, రావడం, పోవడం. గోడ కట్టించేసుకోండి. ఉప్పు పట్టదు, తుడిచే బాధా ఉండదు."

పెద్దమనిషి పక్కవీధి కొట్టుకు వెళ్ళిపోయాడు. మావయ్య దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తున్న అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ పనిలో పడ్డారు. వాళ్ళకది అలవాటే.

ఆ ఏడు ఎండలు మొదలవుతుండగా మావయ్య ఇంటికి ఆయన భార్య మేనకోడలు వచ్చింది. తాను పనిచేసే దారం మిల్లు మూతపడటంతో ఆమె ఖాళీగా ఉంది. ఇక్కడ మేనత్తకు మంచం మీదే అన్నీ జరగాల్సి వస్తోంది. రొమ్ములో మొదలైన జబ్బు ఎముకల్లోకి పాకింది. మూడేళ్ళ కిందట ఒకరోజు పక్కకి తిరగబోతేనే భుజం దగ్గర ఎముక పెళుక్కుమంది. అప్పట్నుంచి ఆమెను మంచం దింపకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇల్లేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గది వెనకవైపు. ఊరందరికీ కిటికీలు బిగించినాయన ఇంట్లో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, ఆ గోడ మీద తుప్పుపట్టిన నీళ్ళ గొట్టం, అంతే.

మేనకోడలు పని నేర్చుకుంది. దుప్పటి అంచులు పట్టుకుని మనిషిని నొప్పి తెలియకుండా తిప్పడం, వీపు మీద పుండ్లు తుడవడం, కట్టు మార్చడం. నొప్పి తెలియకుండా అన్నది మాట వరసకే. అత్త పళ్ళ బిగువున ఊరుకునేది. ఆ గదిలో మందుల వాసనకు మేనకోడలికి మొదట్లో అన్నం దిగేది కాదు.

సాయంత్రం అయ్యేసరికి అత్తే మావయ్యను తరిమేది.

"కాసేపలా ఒడ్డుకి పోయి రండి. మీ మొహం చూసి చూసి నాకు విసుగొస్తోంది."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళేవాడు. చీకటి పడకముందే తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. అప్పుడు మొదలయ్యేది భాగవతం.

"ఎలా ఉందండీ ఇవాళ?"

"ఏముంది, ఛీ. గాలి లేదు. ఉన్న కాస్తా చేపల కంపు."

"మరి అలలో?"

"అవేం అలలు! నీరసంగా పాక్కుంటూ వచ్చి ఒడ్డున పడిపోతున్నాయి. వాటిని చూస్తే జాలేసింది."

"పుల్ల ఐసు బండాయన వస్తున్నాడా?"

"లేడు. పోయాడు."

"అయ్యో. ఎక్కడికి?"

మావయ్య వేలు పైకి చూపించాడు. "పోయినవారమే."

"పాపం," అంది అత్త. కళ్ళు మూసుకుంది.

మేనకోడలికి ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు ఆమె చూసింది కదా. ఎండాకాలం సాయంత్రమయితే అత్తను ఇంట్లో ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పిల్లలకంటే ముందు నీళ్ళలోకి దిగేది. తడిసిన చెంగు పిండుకుంటూ, పుచ్చకాయ గింజలు ఎవరు దూరంగా ఊస్తారో చూద్దాం రమ్మని పందెం కట్టేది. గెలిచేది కూడా. అలాంటి మనిషి దగ్గర కూర్చుని రోజూ సముద్రాన్ని తిట్టిపోయడమేమిటి?

వంటింట్లో నిలదీసింది. "అత్తకి ప్రాణంకంటే ఇష్టమైనదాన్ని పట్టుకుని ఎందుకు మావయ్యా అలా తిడతారు? మంచంలో ఉన్న మనిషికి రెండు మంచిమాటలు చెప్పకూడదా?"

"నీళ్ళు మరిగినట్టున్నాయి, చూడమ్మాయ్," అన్నాడాయన. పొయ్యి మీద నీళ్ళే లేవు.

ఇది జరిగిన కొన్నాళ్ళకు కట్టుగుడ్డలు అయిపోయాయి. మందుల షాపు ఒడ్డు పక్క రోడ్డులో ఉంది. పక్కింటావిడను అత్త దగ్గర కూర్చోబెట్టి మేనకోడలు వెళ్ళింది. గుడ్డలు కొనుక్కుని బయటికొస్తే, ఎదురుగా సముద్రం. ఎండ తగ్గి, గాలి తిరిగి, జనం నీళ్ళలో కేరింతలు కొడుతున్నారు. వాళ్ళ మధ్య మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి ఛీ మావయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో నారింజరంగు పుల్ల ఐసు. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లాడిలా ఎగురుతున్నాడు. ఐసు అమ్మినాయన పక్కనే బండికి ఆనుకుని నిక్షేపంగా నవ్వుతున్నాడు.

మేనకోడలు చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలోంచి చరచరా నడిచింది.

"పోయినాయన భలే ఐసు అమ్ముతున్నాడే మావయ్యా."

ఆయన ఐసు వెనక్కి దాచుకోబోయాడు. అది కరిగి మోచేతి మీదుగా కారింది. అల వచ్చి ఇద్దరి కాళ్ళూ తడిపి పోయింది.

"బాగుందని చెప్పమంటావా?" అన్నాడు చివరికి. "గోడ చూస్తూ పడుకునే మనిషికి, అలలు బ్రహ్మాండంగా ఉన్నాయే, గాలికి ప్రాణం లేచొచ్చిందే అని ఏ నోటితో చెప్పమంటావు? ఏమీ లేదు, అక్కడ అంతా చెత్త అని చెప్తే, పోనీలే, పోగొట్టుకున్నదేమీ లేదులే అనుకుంటుంది."

"మరి ఊరందరితోనూ అదే మాటెందుకు?"

"అమ్మలక్కలు చూడ్డానికి రారూ? ఒక్కరు నోరు జారితే చాలు. అందుకని అందరి చెవిలోనూ వేసి పెట్టా."

"ఇంత బాగుంటే, అత్తని అక్కడ వదిలి మీరొక్కరే ఎలా..." అందామె.

"అదేనమ్మాయ్ నా ఏడుపు. రాకపోతే ఆవిడ ఊరుకోదు. వస్తే, సిగ్గు లేకుండా బాగుంటుంది."

ఇంటికి వచ్చాక మేనకోడలు కట్టు మారుస్తోంది. అత్త పైకప్పు కేసి చూస్తూ అడిగింది.

"ఇవాళ మీ మావయ్య ఏ రంగు తిన్నారు?"

"ఏంటత్తా?"

"ఐసు. మొన్న ఎరుపు. అంతకుముందు ఆకుపచ్చ. ఆ నాలుక నా మొహం ముందే ఆడిస్తూ ఐసాయన పోయాడని చెప్తుంటే, నవ్వాపుకోలేక కళ్ళు మూసుకున్నా. నవ్వితే పక్కటెముకలు నొప్పి."

మేనకోడలి చేయి ఆగిపోయింది. "తెలిసి కూడా..."

"నాకు తెలుసని ఆయనకి తెలిసిందో, వెళ్ళడం మానేస్తారు. ఈ స్టూలు మీదే కూచుని కూచుని నాకంటే ముందు పోతారు. అప్పుడు నన్ను నీకు వదిలేసి పోయినట్టు. నువ్వేమో కట్టు ఇంత బిగిస్తావు. కాస్త వదులు చెయ్యి."

ఎండలు ఇంకా పెరిగాయి. నొప్పి కూడా. డాక్టరు వచ్చి, సూది మందు మోతాదు పెంచి, మావయ్యను మెట్ల దగ్గరికి పిలిచాడు. మేనకోడలు తలుపు పక్కనే ఉంది. "ఇక జాగ్రత్తలతో పనిలేదండీ. ఆవిడేం అడిగితే అది చెయ్యండి," అన్నాడు. డాక్టరు దిగి వెళ్ళిపోయాక కూడా మావయ్య మెట్ల మీదే కూర్చుండిపోయాడు. పైకీ కిందికీ పోయేవాళ్ళు ఆయన్ని తప్పుకుని వెళ్ళారు. ఆ రోజు ఆయన దేన్నీ ఛీ అనలేదు.

మర్నాడు అత్త అడిగింది. "నన్నొకసారి ఒడ్డుకి తీసుకెళ్తారా?"

మావయ్య అదిరిపడ్డాడు. "ఎక్కడికి? అక్కడేముంది? సముద్రం వెనక్కి పోయింది."

"ఎంత వెనక్కి?"

"చాలా. అంతా బురద."

"ఆ బురదే చూస్తా. ఇన్నాళ్ళుగా ఇంత ఘోరంగా ఉందని చెప్తున్నారుగా. పోయేలోగా ఒక్కసారైనా చూడకపోతే ఎలాగండీ?"

మావయ్య గోడవైపు తిరిగి ముక్కు చీదాడు. తరువాత కొట్టుకు వెళ్ళాడు.

సాయంత్రం అన్నదమ్ములిద్దరూ వచ్చారు. పెద్ద అద్దాలు మోసే చెక్కబల్ల తెచ్చారు. దాని మీద దళసరిగా బొంత పరిచి, చుట్టూ దిండ్లు పేర్చి, అత్తను దుప్పటితో సహా ఎత్తి పడుకోబెట్టారు. బల్ల మీదికి చేర్చినప్పుడు ఆమె నోట్లో తువ్వాలు కుక్కుకుంది. ఆ మూలుగు విని చిన్నవాడు కాసేపు ఆగుదామన్నాడు. "ఆగితే నాకు ధైర్యం పోతుంది. పదండి," అంది అత్త. మెట్లు దిగేటప్పుడు కిందున్నవాడు బల్లను తల మీదికి ఎత్తాడు, పైనున్నవాడు నడుము దాకా వంగాడు. మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నారు. పక్కన మేనకోడలు అత్త చెయ్యి పట్టుకుని దిగింది. ముందు మావయ్య. జీవితమంతా అరిచిన మాటే అరిచాడు.

"అద్దం వస్తోంది, అద్దం! జరగండి, అద్దం!"

వీధిలో స్కూటర్లు ఆగిపోయాయి. కూరలమ్మి బుట్ట పక్కకి లాక్కుంది. జనం గోడలకు అంటుకుపోయి అద్దం కోసం చూశారు. బల్ల మీద పడుకున్న మనిషి వాళ్ళకు చెయ్యి ఊపింది.

ఒడ్డున తడి ఇసక మీద బల్ల దించారు. ఇక సముద్రం మావయ్య పరువు నిలువునా తీసింది. వెనక్కి పోవడం మాట అటుంచి, నిండుగా, నీలంగా, నురగలు కక్కుతూ ఉంది. గాలి చల్లగా వచ్చి అత్త నుదుటి మీద వెంట్రుకలు లేపింది. చేపల కంపు మచ్చుకైనా లేదు. మావయ్య దిక్కులు చూశాడు.

"ఇవాళేదో పొరపాటున ఇలా ఉంది," అన్నాడు. "రోజూ ఇలా ఉండదు. గాలి చూడు, జిడ్డు."

మేనకోడలు దుప్పటి తొలగించి అత్త పాదాలు బల్ల అంచున పెట్టింది. ఒక అల వచ్చి ఆగింది. ఇంకొకటి వచ్చి మడమలు తడిపింది. అత్త ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. నొప్పేమోనని అందరూ వంగారు. నొప్పి కాదు. వాపుతో ఉబ్బిన కాలివేళ్ళు ఆమె నెమ్మదిగా విదిలించింది. వానల దాకా ఆమె ఉండదని అక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అలలు వచ్చిపోతూనే ఉన్నాయి. పొద్దు గుంకేదాకా ఎవరూ వెళ్దామనలేదు.

చివరికి మావయ్యే బల్ల పక్కన ఇసకలో చతికిలబడి, తప్పుచేసినవాడిలా అడిగాడు.

"ఎలా ఉంది?"

అత్త ఆయన మొహంలోకి, తరువాత సముద్రంలోకి చూసింది.

"మీరు చెప్పిందే నిజమండీ," అంది. "ఛీ. ఇంత అధ్వాన్నంగా ఉంటుందనుకోలేదు. రేపు ఇంకాస్త పెందలాడే బయల్దేరదాం."