ఆయన ఆలోచించుకున్న కాసేపు

మా ఆయన పోయిన మొదటి వారం మా ఫ్రీజర్ నిండా లజానియాలే. నేను న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సును. మా వార్డులో పనిచేసే కివీలు, అంటే ఈ దేశం వాళ్ళు, ఎవరింట్లో ఎవరు పోయినా చీజూ మాంసమూ పొరలుగా పేర్చి లజానియా చేసి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోతారు. లోపలికి వచ్చి ఏడిపించరు. మన తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు మాత్రం అన్నం, పప్పు, కోడికూర గిన్నెలతో లోపలికే వచ్చి, సోఫాలో కూర్చుని, నా చెయ్యి పట్టుకుని "అంతా దేవుని చిత్తమమ్మా" అనేవారు. నేను లజానియా తిన్నాను, కోడికూరా తిన్నాను. ఏది తింటున్నానో నాకు తెలియలేదు.

ఏడుపు కూడా రాలేదు. మత్తు ఇచ్చిన చోట కుట్లు వేస్తుంటే రోగి "ఏదో లాగుతున్నట్టు తెలుస్తోంది గానీ నొప్పి లేదు" అంటాడు చూడండి, ఏడాది పొడుగునా నా పరిస్థితి అదే. డ్యూటీకి వెళ్ళాను, బట్టలు ఉతికాను, ఆదివారాలు గుడికి వెళ్ళాను. ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగున్నానని చెప్పాను. నిజానికి బాగున్నానో లేదో చూసుకోవడానికి లోపల ఎవరూ ఉన్నట్టు లేరు.

జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మా ఆయన హామిల్టన్‌కి అరగంట దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో, వృద్ధుల కోసం నడిపే ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా చేసేవారు. చలికాలం, బడికి సెలవులు. ఆ మర్నాడు ఆయనకి ఆఫ్. మా అమ్మాయికి పదహారు నిండాయి, డ్రైవింగ్‌కి లెర్నర్ లైసెన్స్ వచ్చింది. పొద్దున్నే ఖాళీగా ఉండే ఏదో కార్ పార్కుకి తీసుకెళ్ళి స్టీరింగ్ చేతికిస్తానని దానికి మాటిచ్చారు. కారుకి ముందూ వెనకా తగిలించే పసుపు రంగు ఎల్ పలకలు రెండు కొనుక్కొచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు.

అన్నం తింటుండగా ఫోన్ వచ్చింది. అదే రెస్ట్‌హోమ్‌లో ఆయనతో పాటు పనిచేసే అమ్మాయి, మా సంఘంలో అమ్మాయే. మాకంటే బాగా చిన్నది. నన్ను అక్కా అనీ, ఆయన్ని అన్నయ్యా అనీ పిలుస్తుంది. జ్వరం వచ్చిందనీ, రేపు పొద్దున తన షిఫ్ట్ చేసిపెట్టగలరా అనీ అడిగింది. ఈయన వెంటనే సరే అనలేదు. "ఐదు నిమిషాల్లో చెప్తానమ్మా" అని ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పుడు జరుగుతున్నట్టే కనిపిస్తుంది. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నారు. ఎల్ పలక ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. కిటికీలోంచి బయటికి చూశారు. మా ఆయనకి పొద్దున్నే లేవడం పరమ బద్ధకం, పైగా పాపకి మాటిచ్చి ఉన్నారు. "ఏం చేద్దామంటావ్?" అని నన్ను అడిగారు. నేను రైస్ కుక్కర్ గిన్నె తుడుస్తున్నాను. "మీ ఇష్టం. వెళ్తే వెళ్ళండి, లేకపోతే లేదు" అన్నాను. అందులో కోపం లేదు, ఏమీ లేదు. ఇంకాసేపు అలాగే కూర్చున్నారు. తర్వాత ఫోన్ తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళారు, ఫోన్లో మాట్లాడేటప్పుడు అటూ ఇటూ నడవడం ఆయనకి అలవాటు. తిరిగొచ్చి, "వెళ్తున్నాను. పాపకి మధ్యాహ్నం వచ్చాక నేర్పిస్తాలే" అన్నారు.

తెల్లవారకముందే బయల్దేరారు. మా వైకాటో ప్రాంతపు పొగమంచు సంగతి ఇక్కడున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు, పొలాల మధ్య రోడ్డు మీద ముందు కారు లైట్లు కూడా కనిపించవు. మలుపులో పాల ట్యాంకర్ ఎదురొచ్చింది. తప్పు ఎవరిదీ కాదని తేల్చారు. పోలీసులు ఇద్దరొచ్చి టోపీలు తీసి నిలబడ్డప్పుడు, నేను వాళ్ళని టీ తాగుతారా అని అడిగానట. మా అమ్మాయి చెప్పింది. నాకు గుర్తులేదు.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం. మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. ఒక కివీ చర్చి హాలు మధ్యాహ్నంపూట అద్దెకి తీసుకుంటాం, మా పాస్టరు అయ్యగారు ఆక్లాండ్ దగ్గరి టకానిని నుంచి డ్రైవ్ చేసుకుని వస్తారు. పాటలయ్యాక సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేళ్ళు, చెప్పమన్నారు. ఆ రోజు షిఫ్ట్ చేసిపెట్టమన్న అమ్మాయి లేచింది. "ఆ రోజు నాకు జ్వరం రాకపోయుంటే ఆ రోడ్డు మీద నేనే ఉండేదాన్ని. దేవుడు జ్వరం రప్పించి నన్ను కాపాడాడు. ఆయనకే స్తోత్రం" అని చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కదా, సాక్ష్యం ముగిస్తే ఆమెన్ అనాలి. అన్న తర్వాత ఒకరిద్దరు నావైపు తిరిగి, గబుక్కున మళ్ళీ ముందుకి తిరిగారు. నా ఒళ్ళో పులిహోర డబ్బా ఉంది. దాని మూత సరిగ్గా పట్టిందో లేదో నొక్కి చూసుకున్నాను.

కోపం ఆ రోజు రాలేదు. తీరిగ్గా, వారం పోయాక, ఇస్త్రీ చేస్తుంటే వచ్చింది. వచ్చినా చాలా దూరంగా ఎక్కడో పక్కింట్లో ఎవరో అరుస్తున్నట్టే ఉంది. దేవుడు ఆ అమ్మాయికి జ్వరం రప్పించి మా ఆయన్ని రోడ్డు మీదికి పంపాడంటే, అది కాపాడటమా, మార్పిడా? సరే, ఆయన దేవుడు, ఆయనిష్టం. నాకు ఒళ్ళు మండింది అందుక్కాదు. మా ఆయన బల్ల దగ్గర కూర్చుని ఆలోచించుకున్న ఆ కాసేపు ఏమైనట్టు? ముందే అంతా రాసిపెట్టి ఉంటే ఆయన పలక తిప్పుతూ కూర్చోవడం వట్టి నాటకమేనా? నిద్ర వదులుకుని, పాపకిచ్చిన మాట పక్కన పెట్టి, ఒంట్లో బాగోలేని పిల్ల కోసం వెళ్తానని ఆయన అనుకున్నారు. ఆయన గురించి నా దగ్గర మిగిలిన మంచి అంతా అందులోనే ఉంది. దాన్ని కూడా దేవుడి ఖాతాలో వేసేస్తే ఇక నాకేం మిగులుతుంది?

ఏడాది కావస్తుంటే, జ్ఞాపకార్థ కూడిక గురించి మాట్లాడటానికి అయ్యగారు ఇంటికి వచ్చారు. టీ ఇచ్చాను. పాటలు, ప్రార్థన, వాక్యం అని వరసగా చెప్పి, ఆ అమ్మాయి కూడా సాక్ష్యం చెప్తానంటోందమ్మా అన్నారు.

"మళ్ళీ జ్వరం సాక్ష్యమేనా అయ్యగారూ?" అన్నాను.

ఆయన ఇబ్బందిగా కదిలారు. మంచివాడు పాపం. "దేవునికి తెలియకుండా ఏదీ జరగదు కదమ్మా. అలాగని మనిషికి స్వేచ్ఛ లేదనీ కాదు. ఇప్పుడు మీ పాప ముందు ఒక లడ్డూ, ఒక కాకరకాయ పెట్టారనుకోండి. లడ్డూయే తీసుకుంటుందని తల్లిగా మీకు ముందే తెలుసు. అయినా తీసుకున్నది పాపే, తన ఇష్టంతోనే."

"తెలిసిన తల్లి లడ్డూని మండే పొయ్యి మీద పెట్టదు కదా అయ్యగారూ."

ఆయన టీ కప్పు కింద పెట్టేశారు. నేను ఆపలేదు. "ఒక్కటి చెప్పండి. ఆ రాత్రి మా ఆయన నిజంగా ఆలోచించాడా, ఆలోచిస్తున్నానని అనుకున్నాడా?"

"నిజంగానే ఆలోచించాడమ్మా."

"వెళ్ళనని చెప్పే వీలు ఆయనకుందా?"

"ఉంది."

"చెప్పుంటే దేవుని చిత్తం ఏమయ్యేది?"

"దేవుడు సంకల్పించాడు, మనిషీ తన ఇష్టంతోనే చేశాడు. రెండూ నిజమే అని నమ్ముతాను" అన్నారు చివరికి. "రెండూ ఎలా కలుస్తాయో మాత్రం నాకు తెలియదు. బైబిల్ కాలేజీలో దీనిమీద పరీక్ష రాసి పాసయ్యాను కూడా. ఇప్పటికీ తెలియదమ్మా."

ఏడాదిలో నాతో ఎవరైనా అన్న మాటల్లో కాస్త నమ్మబుద్ధేసింది అదొక్కటే. ఇంకో కప్పు టీ పోశాను.

ఆయన వెళ్ళాక ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. సాక్ష్యం చెప్పొద్దని నేననను, ఒక్క మాట చేర్చు చాలు అన్నాను. "మీ అన్నయ్య తనంతట తానే వెళ్ళాడని చెప్పు. దేవుడు పంపాడనకు. ఆయన ఆలోచించుకుని, కావాలని వెళ్ళాడు. ఆ మాట నలుగురిలో అను."

ఆ అమ్మాయి మెల్లిగా అంది. "అన్నయ్య వెళ్ళడం అన్నయ్య ఇష్టమైతే, నేను అడగడం కూడా నా ఇష్టమే అవుతుంది కదక్కా. జ్వరం దేవుడు పంపాడనుకుంటేనే నేను పొద్దున లేచి ఆ రోడ్డు మీద డ్యూటీకి వెళ్ళగలుగుతున్నాను."

ఆ పిల్ల రోజూ ఆ మలుపు మీదుగానే వెళ్తోందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు. నేను ఆ రోడ్డు మొహం చూడలేదు. మా ఇద్దరికీ కావలసినవి రెండూ ఒకేసారి దొరికేలా లేవు. నాకు ఆయన ఇష్టం మిగలాలి. ఆ పిల్ల బతకాలంటే అంతా దేవుడి ఇష్టం కావాలి. "సరే, నీ ఇష్టం" అని పెట్టేశాను.

కూడిక శనివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. అదే హాలు. బయట సన్నగా వాన పడుతోంది. ముందు వరసలో మా అమ్మాయి, నేను. నా పక్క కుర్చీలో నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకున్నాను, ఎవరూ కూర్చుని చెయ్యి పట్టుకోకుండా. రెండు పాటలయ్యాయి. అయ్యగారు ఆ అమ్మాయిని పిలిచారు.

మైకు పట్టుకుంది. ఎప్పటిలా ప్రైజ్ ద లార్డ్ అనలేదు. "ఇది నేను ఎవరికీ చెప్పలేదు" అని మొదలుపెట్టింది. "ఆ రాత్రి అన్నయ్య నాకు తిరిగి ఫోన్ చేసేసరికి నేను మాత్ర వేసుకున్నాను. జ్వరం దిగింది. పర్లేదు అన్నయ్యా, రేపు నేనే వెళ్తానులెండి, మీరు పాపకి డ్రైవింగ్ నేర్పించుకోండి అన్నాను. అన్నయ్య ఒప్పుకోలేదు. మాత్రతో దిగిన జ్వరం తెల్లారేసరికి మళ్ళీ వస్తుంది, నువ్వు పడుకో, నేను వెళ్దామని అనుకున్నాను కాబట్టి వెళ్తాను అన్నారు. నేను మళ్ళీ వద్దన్నాను. నాకు వెళ్ళాలని ఉందమ్మా అన్నారు. అంతే. అన్నయ్య తన ఇష్టంతోనే వెళ్ళారు."

మైకు ఆపి స్టాండుకి పెట్టేసింది. ఎవరూ ఆమెన్ అనలేదు.

నేనడిగిందే ఇచ్చింది. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చింది. ఆయన్ని ఎవరూ పంపలేదు. జ్వరం పంపలేదు, ఆ పిల్ల పంపలేదు. వద్దు, ఇంట్లో ఉండండని చెప్పినా వెళ్ళారు. గరాజ్‌లోంచి లోపలికి వచ్చినప్పుడు ఆయనకి మా దగ్గర ఉండిపోయే దారి తెరిచే ఉంది. నేను గిన్నె తుడుస్తూ అక్కడే ఉన్నాను, పసుపు పలకలు బల్ల మీదే ఉన్నాయి, అయినా వెళ్ళారు. ఏడాదిగా మొద్దుబారిన చోట మొదటిసారి నొప్పి తెలిసింది. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. అప్పుడు నేనేం కోరుకున్నానో చెప్తే నవ్వుతారు. హాల్లో ఎవరో ఒకరు లేచి, అంతా దేవుని చిత్తం అంటే బాగుండుననుకున్నాను. అయ్యగారి వైపు చూశాను కూడా. ఆయన తల వంచుకుని ఉన్నారు.

ఆ అమ్మాయి ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడ పక్కన నిలబడిపోయింది. నేను బ్యాగ్ తీసి కింద పెట్టాను. వచ్చి నా పక్కన కూర్చుంది. నేనే తన చెయ్యి పట్టుకున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు మా అమ్మాయి డ్రైవ్ చేసింది. ఆయన కొన్న పలకలే కారుకి ఉన్నాయి. నెలల తరబడి ఫ్రిజ్ మీద పడి ఉంటే, ఒకరోజు అదే తీసి తగిలించుకుంది. ఇంటి దగ్గర పెద్ద రౌండబౌట్ ముందు ఆగింది. కుడివైపు నుంచి కార్లు వస్తూనే ఉన్నాయి. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. తల నావైపు తిప్పకుండానే "మమ్మీ, కెన్ ఐ గో?" అంది.

నీ ఇష్టం అనబోయాను. నోరు రాలేదు. వెళ్ళు అనలేకపోయాను, వద్దు అనీ అనలేకపోయాను. అది ఇంకాసేపు చూసుకుని, తనే వెళ్ళింది.