భంగార్‌కు, బంగారానికి నడుమ నా బండి

సూరత్‌ల పాత ఇనుము కొనేటోళ్లు తోపుడుబండి వేసుకొని "భంగార్... భంగార్!" అని అరుసుకుంట గల్లీలల్ల తిరుగుతరు. ఇక్కడ భంగార్ అంటే తుక్కు. ఊరి నుంచి కొత్తగ దిగినోళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, బోల్తా పడి నేర్సుకోవాలె. మా అమ్మ నా బండి మీద పడి నేర్సుకున్నది.

ఆ పాత మోటర్‌సైకిల్ వయసుల నాకంటే కొంచెమే చిన్నది. పెట్రోల్ల ఆయిల్ కలిపి తాగుతది, తాగినదాన్ని పొగజేసి కక్కుతది. పక్క డబ్బా మూత బోల్టు ఎన్నడో రాలిపోతే నేను పనిచేసే మగ్గాల కాడి పాలిస్టర్ దారంతోని కట్టిన. కార్బరేటర్ల కచరా ఇరికితే సన్నతీగతోని నేనే పొడుస్త. సెలవు దొరికిందంటే ప్లగ్గు ఇప్పి గీకుడే నా పూజ.

సూరత్‌లనే డిండోలిల అమ్మ, నేను పైగదిల ఉంటం, కిందిగదిల అక్కాబావలు. బావ కొత్తగ కరెంటు స్కూటర్ కొన్నడు. దాన్ని చార్జింగు పెట్టే జాగ మెట్ల కిందనే ఉన్నది, అక్కడ నా బండి ఉంటది. కొట్లాటంతా గా జాగ గురించే.

"ఏందిరా, పాండేసర మిల్లు చిమ్నీ ముట్టిస్తున్నవా? మీ అక్క ఇప్పుడే బట్టలారేసింది" అనేటోడు బావ.

"నీ స్కూటర్ నీ లెక్కనే బావా. రాత్రంత మేపాలె, పొద్దుగాల ఉధ్నా దాటంగనే పండుకుంటది" అనేటోణ్ని.

నవ్వుతుండె, గని పండ్లు కొరుక్కుంట నవ్వుతుండె.

ఓ పొద్దు బండి స్టార్ట్ కాలే. "అమ్మా, బాగుచేయించాలె, జర చూస్తుండు" అని చెప్పి కొత్త ప్లగ్గు కోసం దుకాణానికి నడిచిన. అమ్మ కిందికి దిగి, పాతచీర ముక్కతోని బండి తుడుసుకుంట కూసున్నదట. అప్పుడే భంగార్‌వాలా వచ్చిండు.

"యే భంగార్ హై, మాజీ?" ఇది తుక్కేనా అమ్మా అని హిందీల అడిగిండు.

అమ్మకు హిందీ రాదు, వాణ్ని నేను పంపిన మెకానికే అనుకున్నది. "అవునయ్యా, బంగారమే! మా వాని పానం. జర పైలంగ తీస్కపో" అని తల ఊపింది. వాడు కాంటా పెట్టి పైసలు తెచ్చిస్తనన్నడు. దానికీ ఊపింది. బావ గడప మీద చాయ్ తాగుకుంట అంతా విన్నడు. ఆయనకు హిందీ వచ్చు, గుజరాతీ వచ్చు, తెలుగైతే పుట్టుకతోనే వచ్చు. మూడింట్ల ఒక్కదాంట్ల గూడ నోరు తెరవలే. గ్లాసు పక్కకు పెట్టి, బండి ఎక్కించెతందుకు ఓ చెయ్యి వేసిండు.

నేను వచ్చేసరికి బండి గల్లీ మూలమీద, తోపుడుబండిల పక్కకు తిరిగి పండుకొని ఉన్నది. మీ అమ్మ ఊ అన్నది, మీ బావ చెయ్యేసి ఎక్కించిండు అని వాడు దించనంటడు, నేను దించుమంట. నలుగురు గుమిగూడిన్రు. బావ గూడ వచ్చిండు.

"బావా, అమ్మకు సమజ్ కాలే. నీకైతే అయింది గదా?"

"నన్నడిగిండా వాడు? పెద్దమనిషి ఊ అన్నంక నడుమ నేనెవర్ని? గంత పౌరుషముంటే నడిపి చూపు. నడవకుంటే ఇచ్చెయ్, ఇంటి ముందటి దరిద్రం పోతది."

నా నోరు నాకెప్పుడు దుష్మనే. "నడవకుంటే తీస్కపోనీ" అన్న.

దించి ప్లగ్గు మార్చిన. కిక్కు కొడితే దగ్గింది, అంతే. మళ్ల కొట్టిన. అదీ లేదు.

"ఇంజన్‌తో పాటు నీ మోకాలు గూడ భంగార్‌లకే" అన్నడు బావ. అందరు నవ్విన్రు.

అప్పుడు మెదిలింది. పక్కకు పండవెట్టిన్రు గదా, ఇంజన్ల పెట్రోల్ నిండి ఉంటది. ట్యాంకు కాడి పెట్రోల్ నాబు బంద్ చేసి, ఎక్సలేటర్ పూరా తిప్పి, గట్టిగ తన్నిన. ఒక్కసారే గర్జించింది. తెల్లటి పొగ గల్లీ నిండింది, బావ మొకం ఎటున్నదో గూడ కనబడలే.

అమ్మ ఉరికొచ్చింది. "బిడ్డా, మెకానిక్ మంచిగ చేసిండు. ఆయనకు చాయ్ తాపు!"

భంగార్‌వాలా ఏం సమజ్ కాక ఆమెకు దండం పెట్టి పోయిండు. బావ పొగకు మండిన కండ్లు తుడుసుకుంట నా భుజం మీద చెయ్యేసిండు. "నవ్వులాటకు చేసిన బామ్మర్దీ."

పుట్టినకాడికెల్లి నేను జేసేది నవ్వులాటనే. నా మీద ఎవలన్న చేస్తే గుర్తుపడుత. ఇది అది గాదు. భుజం మీది చెయ్యి తీసేసిన.

"సేఠ్, జర పక్కకు జరుగు, బండి పోవాలె" అన్న.

అక్క ఇప్పటికీ కూర పంపుతది, తింట. ఆయనను మాత్రం మళ్ల బావా అనలే. మెట్ల కాడ ఎదురైతే, ముక్కు మొకం తెల్వని షావుకారును పిలిచినట్టు సేఠ్ అనే పిలుస్త, ఆయన మొకం మాడుతది. ఆ జాగల ఇయ్యాలటికీ నా బండే ఉన్నది.