పిడికి చుట్టిన పట్టు

మా క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకు నేనంటే గురి. ముప్పై ఏళ్ళుగా టేబుల్ టెన్నిస్ ఆడుతున్నాను, పైగా కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఏ సందేహం అడిగినా జవాబు నా నాలుక చివర ఉంటుందని వాళ్ళ నమ్మకం. మొన్న ఒకాయన తన బ్యాట్ తెచ్చి నా ముందు పెట్టి, "సార్, సెయ్యి ఊరికే సెమట పడతా ఉండాది. పిడికి గ్రిప్ టేప్ సుట్టుకోవాల్నా, వద్దా?" అని అడిగాడు. రెండేళ్ళ క్రితమైతే అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. మొన్న మాత్రం "నీ ఇష్టం అప్పా" అని, నీళ్ళు తాగే వంకతో లేచిపోయాను. ఆ ప్రశ్న వింటే నాకు సిగ్గుతో తల వాలిపోతుంది. ఎందుకో చెప్తాను.

తిరుపతికి బదిలీ కాకముందు తొమ్మిదేళ్ళు నగరిలో పనిచేశాను. ఆ ఊళ్ళో ఏ వీధిలో నడిచినా మరమగ్గాల చప్పుడే. నేతగాళ్ళ సంఘం హాల్లో ఒక పాత టేబుల్ ఉండేది. దాని ఒక మూల కుంగిపోయి, బంతి అక్కడ పడితే లేచేది కాదు. నెట్టు చిరిగితే వాళ్ళే నూలుతో అల్లుకునేవారు. కాలేజీ వదలగానే నేను ఆ హాల్లో తేలేవాణ్ణి. రోజూ నాతో ఆడేవాడు నా ఈడు నేతగాడు ఒకడు. ఇంటి వెనక షెడ్డులో నాలుగు మగ్గాలు నడిపేవాడు. అతను నన్ను సార్ అనేవాడు, నేను అతన్ని అప్పా అనేవాణ్ణి. డబుల్స్‌లో మా జంటను ఓడించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. నిజం చెప్పాలంటే అతన్ని ఓడించినవాళ్ళు లేరు, నేను పక్కన ఉండేవాణ్ణి, అంతే.

అతని బ్యాట్ పిడి ఉత్త చెక్క. పదిహేనేళ్ళ చెమట తాగి నల్లగా, నున్నగా అయిపోయింది. నా అరచేతుల్లో ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి కాబట్టి నేను టేపు చుట్టేవాణ్ణి. దీని మీద మా ఇద్దరికీ రోజూ గొడవే. టేపు లేకపోతే చెక్క జారుతుందని నేను. అతను నవ్వి, "సెక్క సేతికి తగలకపోతే బంతి యాడ తగిలిందో ఎట్ల తెలుస్తుంది సార్? మీరు సేతికీ సెక్కకీ మధ్య గోడ కడతా ఉండారు" అనేవాడు. టేపు చుట్టేకొద్దీ పిడి లావై మణికట్టు సరిగా తిరగదని కూడా అనేవాడు. అదీ నిజమే. ఎడమవైపుకు వచ్చిన బంతికి నా బ్యాట్ ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే తిరిగేది. కానీ ఒప్పుకుంటే నా ఫిజిక్స్ ఏం కావాలి?

అతను వేళ్ళతో, చెవులతో బతికే మనిషి. ఒకసారి షెడ్డుకు వెళ్ళాను. నాలుగు మగ్గాలూ దడదడలాడుతుంటే, అతను గోడకానుకొని స్టూలు మీద కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. ఈ రొదలో నిద్రెట్లా పట్టిందిరా దేవుడా అనుకున్నాను. ఉన్నట్టుండి లేచాడు. "రెండోదాంట్లో పోగు తెగింది" అంటూ వెళ్ళి ముడి వేసి వచ్చాడు. ఎలా తెలిసిందని అడిగితే, "పాట తప్పింది గదా సార్" అన్నాడు. నాకు అన్ని మగ్గాలూ ఒకటే మోత.

తిరుపతికొచ్చి ఈ క్లబ్బులో చేరాక నాకు కొమ్ములొచ్చాయి. పెద్ద హాలు, కొత్త టేబుళ్ళు, ఆడేవాళ్ళలో సగం మంది డాక్టర్లు, ఇంజనీర్లు. నిరుడు వేసవిలో యాభై దాటినవాళ్ళకు డబుల్స్ పోటీ పెట్టారు. బయటివాళ్ళను జంటగా తెచ్చుకోవచ్చన్నారు. గెలిచినవాళ్ళను క్లబ్బు తరఫున రాష్ట్ర పోటీలకు పంపుతామని, వెనక పేరు రాసిన జెర్సీ కూడా ఇస్తామని చెప్పారు. నేను నగరికి ఫోన్ చేశాను. ఊరు దాటి ఒక్క ఆట కూడా ఆడని మనిషి అతను. "జెర్సీ ఎనకాల నా పేరు ఏస్తారా సార్? నిజంగానా?" అని మూడుసార్లు అడిగాడు.

పోటీకి నాలుగు రోజుల ముందు నాకు మనసులో పురుగు తొలిచింది. ఆ నల్లటి పిడి పట్టుకొని ఇతను మా డాక్టర్ల ముందు నిలబడితే ఏమనుకుంటారోనని. మళ్ళీ ఫోన్ చేశాను. నాకొక తెలుగు పిచ్చి ఉంది, అది కూడా చెప్పాలి. క్లాసులో ఫ్రిక్షన్ అనను, ఘర్షణ అంటాను. గ్రిప్ అనను, పట్టు అంటాను. పిల్లలు నవ్వుకుంటారు, నాకదో గొప్ప.

"ఈసారన్నా నా మాట విను అప్పా. బ్యాట్‌కు మంచి పట్టు సుట్టుకోని రా. ఆడ అంతా పెద్దోళ్ళు సూస్తారు" అన్నాను.

వెనక మగ్గాలు ఆడుతున్నాయి. "పట్టా సార్?" అన్నాడు.

"ఔనప్పా, పట్టే. మంచిది సూసి సుట్టు."

"సరి సార్. మీరు సెప్పినాక ఇంకేముండాది" అన్నాడు.

ఆదివారం పొద్దున అందరికన్నా ముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు. చంకలో తువ్వాలు. మా ఆట పిలిచాక అందరూ చుట్టూ చేరారు. అతను తువ్వాలు విప్పి బ్యాట్ బయటికి తీశాడు. పిడి పొడుగునా పసుపుపచ్చ పట్టుదారం, రెండు కొసల్లో ఎర్రటి అంచు. ఒక్క పోగు మీద ఇంకో పోగు ఎక్కలేదు. కొస ఎక్కడ దాచాడో ఎంత వెతికినా కనపడదు. నేతగాడికి పట్టంటే చీరకు పెట్టే పట్టే కదా! నేను చెప్పిన మాటకు అతని ఇంట్లో ఉన్న అర్థం అదొక్కటే.

"ఏంది అప్పా, బ్యాట్‌కు పెళ్ళా?" అన్నారొకరు. హాలంతా గొల్లుమంది. "తాంబూలం యాడ?" అన్నారు ఇంకొకరు.

అతను నవ్వలేదు. నావైపు చూసి, "సారే గదా పట్టు సుట్టుకోని రమ్మన్నది" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. ఏం జరిగిందో నాకు ఆ క్షణమే అర్థమైంది. ఔను, ఆ మాట నాదే అంటే సరిపోయేది. ఒక్క నిమిషం నన్ను చూసి నవ్వేవారు, ఆ తర్వాత మరిచిపోయేవారు. నా పాడు నోటికి ఆ ఒక్క నిమిషం ఓర్చుకోబుద్ధి కాలేదు. "గ్రిప్ టేప్ అని తెల్లంగా సెప్పినానప్పా. నువ్వు ఎట్ల ఇన్నావో ఏమో!" అన్నాను. అని, అందరికన్నా గట్టిగా నవ్వాను.

అతను కుడి చెవి తమ్మెను వేళ్ళతో పట్టుకొని, తల దించుకొని టేబుల్ దగ్గరికి నడిచాడు.

బంతి గాలికి ఊగుతుందని హాల్లో ఫ్యాన్లు ఆపేస్తారు. కిటికీలు కూడా మూసేస్తారు. తిరుపతి ఎండకు లోపల ఉడికిపోతున్నాం. రెండో గేముకే పట్టు తడిసింది. తడిసిన దారం చెక్క మీద నిలవక, తొడుగులాగా గిర్రున తిరిగిపోతోంది. కొట్టిన ప్రతి బంతికీ బ్యాట్ చేతిలో పక్కకు వాలిపోతోంది. "ఇప్పేద్దునా సార్?" అని మెల్లగా అడిగాడు. అది విప్పుతూ కూర్చుంటే మళ్ళీ అందరూ చేరతారు, మళ్ళీ ఆ మాట వస్తుంది. "ఇప్పుడేం ఇప్పుతావు, ఆడు" అని కసిరాను. అయినా మణికట్టుతో ఏదో మాయ చేసి ఐదో గేము దాకా లాక్కొచ్చాడు. తొమ్మిది తొమ్మిది దగ్గర వరసగా రెండు బంతులు అతని బ్యాట్ నుంచి పక్కకు పోయాయి. ఆట అయిపోయింది. జెర్సీ వేరేవాళ్ళకు పోయింది.

బస్టాండు దాకా నేనే దిగబెట్టాను. పుత్తూరు మీదుగా పోయే బస్సు వచ్చాక, అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తప్పు నాదే సార్. ముప్పై ఏండ్లు మగ్గాల మోతలో ఉండాను గదా, సెవులు పోయినట్టుండాయి. మీరు గ్రిప్ అంటే నాకు పట్టు అని ఇనపడింది. మీ పరువు తీసినా" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "పోనీలే అప్పా" అన్నాను. క్షమించేశాను అతన్ని! ఆ రోజు చేసిన వెధవ పనులన్నిటిలో ఇప్పటికీ నన్ను నిద్ర లేపి కొట్టేది అదే.

తర్వాత నాలుగైదుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ అతని భార్యే ఎత్తింది, "ఏదన్నా ఉంటే నాతో సెప్పండి సార్" అంది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కోపమే అయితే బాగుండునని కూడా అనుకున్నాను. చివరికి ఒక సెలవు రోజు ఉండబట్టలేక నగరి వెళ్ళాను.

షెడ్డులో స్టూలు ఖాళీగా ఉంది. అతను మగ్గం నుంచి మగ్గానికి తిరుగుతున్నాడు. ఒక్కోదాని మీదికి వంగి, పోగు పోగూ కళ్ళతో వెతికి, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వస్తున్నాడు. గుమ్మంలో ఉన్న నన్ను చూడలేదు. అతని భార్య నన్ను పెరట్లోకి పిలిచింది.

"సెవులు పోయినాయంటాడు సార్. తప్పుగా ఇంటానేమో అని ఫోన్ ఎత్తడు. స్టూలు మీద కూసోడు. పొద్దస్తమానం మగ్గాల సుట్టూ తిరగతానే ఉంటాడు, కాళ్ళు వాసిపోతా ఉండాయి. ఆటకు గూడా పోడు. బ్యాట్ అటక మీద పెట్టేసినాడు" అంది.

లోపలికి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాను. నన్ను చూసి కంగారుగా నాలుగు మగ్గాలూ ఆపేశాడు. "గట్టిగా సెప్పండి సార్, నాకు సరిగ్గా ఇనపడదు" అన్నాడు.

"పట్టు అనే అన్నాను అప్పా. గ్రిప్ అనలేదు. టేప్ అనలేదు. పట్టు అని రెండుసార్లు అన్నాను. అందరి ముందరా నేను అబద్ధం చెప్పినాను."

అతను నా నోటివైపే చూశాడు. "ఇంకోసారి సెప్పండి సార్" అన్నాడు. భార్యను పిలిచి, "నువ్వు గూడా ఇను" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను.

"అంటే నేను సరిగ్గానే ఇన్నానా?"

"సరిగ్గానే విన్నావు."

"నా సెవులు బాగానే ఉండాయా సార్?"

"బాగానే ఉండాయి అప్పా. బాగలేనిది నేనే."

తిడతాడని నిలబడ్డాను. కొట్టినా పడేవాణ్ణి. అతను ఒక్కొక్క మగ్గమే వేసుకుంటూ వెళ్ళాడు. నాలుగూ మొదలయ్యాక స్టూలు మీద దుమ్ము చేత్తో తుడిచి, గోడకానుకొని కూర్చొని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నాకు ఎప్పటిలా ఒకటే మోత.

ఉన్నట్టుండి కళ్ళు తెరిచి భార్యవైపు చూసి, "మూడోదాంట్లో పోగు తెగింది" అన్నాడు.

ఆమె పరుగున వెళ్ళి వంగి వెతికింది. తెగిన పోగు కొస ఎత్తి అతనికి చూపించింది. అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్న సంగతి వాళ్ళిద్దరిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.