నాయిన తీయగలిగిన తలుపు

మా బండి కొట్టానికి రెండు రెక్కల వేప చెక్క తలుపు ఉండేది. పక్క ఊళ్ళో ఎవరివో ఎద్దులు పోయాయని విన్న ఏడాది నాయిన భయపడి చేయించాడు. దొంగలు కాదు కదా, ఏనుగు వచ్చినా కదలదని చెప్పి మరీ బిగించాడు మా ఊరి వడ్రంగి, వడ్లాయన. ఆ మాట నిజమే అయింది. పదేళ్ళు తిరిగేసరికి ఆ తలుపు నాయినకు కూడా కదలడం మానేసింది.

మాది మర్రిగూడ వైపు మెట్ట ఊరు. వానకు పండే కందులు, ఆముదాలు, కొంచెం పత్తి. నాయినకు ఒక జత ఎద్దులు, ఒక బండి. ఊళ్ళోవాళ్ళ పంటను దేవరకొండ అంగడికి చేరవేయడం ఆయన పని. యాభై ఏళ్ళు నిండకముందే ఆయన ఒళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. మొదట మెడ, తర్వాత నడుము. చేతులు రొమ్ము దాటి పైకి లేచేవి కావు. నేల మీద పడిన చెర్నాకోల తీసుకోవడానికి వంగలేకపోయేవాడు. మా ఊళ్ళో అలాంటివాళ్ళు చాలా ఇళ్ళలో ఉండేవారు. అదంతా తాగే నీళ్ళలోని ఫ్లోరైడు పని అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం వాతం అనేవారు. దేవరకొండ గ్రంథాలయంలో నేను ఆ జబ్బు గురించి కూడా వెతికాను. దొరకలేదు.

ఆ గ్రంథాలయం గురించి ఒక మాట చెప్పాలి. నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకా. ఆ పైన నేర్చుకున్నదంతా ఆ రెండు గదుల్లోనే. అంగడి రోజు నాయిన బండిలో పోయి, బస్తాలు దించి, ఆయన బేరం ముగించే దాకా అక్కడ కూర్చునేవాడిని. అట్ట లేకపోయినా, మొదటి పేజీలు చిరిగిపోయినా నాకు పట్టేది కాదు. గ్రహణాల గురించి, గానుగల గురించి, తేనెటీగల గురించి, ఏది చేతికందితే అది చదివేవాడిని. పుస్తకాలిచ్చే ఆయన "ఇది నీకెందుకు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను చదువుకున్నవాళ్ళలో లెక్కేసిన మొదటి మనిషి ఆయనే.

నాయిన బండి మీద కూర్చోగలడు, తోలగలడు. కాడిని నడుమెత్తున కట్టె మీద నిలిపితే ఎద్దులే వచ్చి మెడలు పెట్టేవి. తలుపు ఒక్కటే ఆయనకు లొంగదు. దాని గొలుసు దర్వాజ నెత్తిన ఉంది. తీయాలంటే చెయ్యి పైకి లేవాలి. రెక్కలు కుంగి నేలను పట్టేశాయి. లాగాలంటే వంగి ఎత్తాలి. పొద్దున బండి కట్టేటప్పుడు నేనో అమ్మో తీసేవాళ్ళం. నేను బండితో పోని రోజుల్లో, ఆయన తిరిగివచ్చే వేళకు ఇద్దరం చేన్లో ఉండేవాళ్ళం.

ఒక ఎండాకాలం సాయంత్రం అమ్మా నేనూ ఇంటికి వచ్చేసరికి బండి కొట్టం ముందే ఉంది. ఎర్రెద్దు నోట నురగ కారుతూ పడుకుని ఉంది. నాయిన దాని పక్కన నిలబడి తువ్వాలతో విసురుతున్నాడు. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నాడు.

"పక్కింటోళ్ళను పిల్వరాదు?" అంది అమ్మ, నీళ్ళ కుండ దించుతూ.

"ఏమని పిల్వాలె? నా ఇంటి తలుపు జర తియ్యుండ్రి అనా?"

అమ్మ ఎద్దుకు నీళ్ళు తాగించింది. అది లేచి నిలబడ్డాక, నాయిన వైపు చూడకుండా అంది: "అమ్మేద్దాం. దళారిని రమ్మని కబురు పెడ్త. మూగజీవాలను గిట్ల ఎండబెట్టి చంపుతమా?"

నాయిన వద్దనలేదు. అదే నన్ను భయపెట్టింది. అమ్మ ఏ మాటన్నా దానికి ఎదురు మాట అనే మనిషి, ఎద్దుల మాటకు ఊరుకున్నాడు. బండి లేని నాయిన పొద్దంతా ఏం చేస్తాడో నాకు ఊహకు అందలేదు.

"రెండు అంగళ్ళు ఆగు అమ్మా" అన్నాను.

"ఆగితే ఏమైతది? తలుపు దానంతటదే తెరుసుకుంటదా?"

"తెరుసుకునేటట్టు చేస్త."

"చెయ్యి బిడ్డా. సదివినోనివి."

ఆ మాటలో ఎంత నమ్మకం ఉందో ఎంత ఎగతాళి ఉందో తెలియలేదు.

తర్వాతి అంగడి రోజు గ్రంథాలయంలో బరువులెత్తే సాధనాల పుస్తకం ఒకటి దొరికింది. బొమ్మలన్నీ నోటుపుస్తకంలో దించుకున్నాను. తలుపును తెరిచే పద్ధతులు నాకు మూడు తేలాయి. రెక్కలు తిరిగేది, పక్కకు జరిగేది, పైకి లేచేది. ఇంటికి వచ్చి వడ్లాయన ముందు కూర్చున్నాను. ఆయన మాకు వరసకు మామ.

"రెక్కల కింద చక్రాలు పెడితే?" అన్నాను.

"మీ వాకిట్ల మట్టి, పెండ. నాలుగొద్దులకు దిగబడ్తయి."

"పక్కకు జరిపితే?"

"ఏ పక్కకు? ఇటు మీ వంటింటి గోడ, అటు పక్కోని జాగా. వాళ్ళ పొయ్యిలకు జరుపుదమా తలుపును?"

మిగిలింది పైకి లేపేది. కొట్టం ముందు పందిరి ఉంది, కప్పు పోయి గుంజలూ దూలాలే మిగిలాయి. రెండు రెక్కలను ఒకటిగా కలిపి, పై అంచున కీళ్ళు వేస్తే, తలుపు బయటికి లేచి పందిరి కింద చాపలా పడుకుంటుంది. పందిరి దూలానికి రెండు బావి గిరకలు. ఒకదాని మీద తలుపు కింది అంచుకు కట్టిన తాడు, దాని రెండో కొసకు ఇసుక బస్తా. ఇంకొకదాని మీద, అదే అంచుకు కట్టిన లాగే తాడు. బస్తా తలుపు బరువులో సగానికి కొంచెం తక్కువ ఉంటే చాలని పుస్తకంలో చదివినట్టే చెప్పాను.

"మరి తక్కిన సగం బరువు యాడికి పాయె?"

"కీళ్ళ మీదికి."

ఆయన ఉలిని పక్కన పెట్టాడు. "గట్లయితే అన్ని పనులల్ల సగం బరువు కీళ్ళకే ఇద్దాం" అని నవ్వి ఒప్పుకున్నాడు.

ఐదు రోజులు పని చేశాం. పై గొలుసు పీకేసి, నడుమెత్తున పక్కకు జరిపే గడియ పెట్టించాను. ఆరో రోజు పొద్దున నేను తాడు లాగితే అంత తలుపూ గాలికి లేచిన గొంగడిలా లేచింది. చూడడానికి వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచారు. వడ్లాయన కూడా "పుస్తకం పనికొచ్చింది" అన్నాడు. నేను నాయినను పిలిచాను.

ఆయన వచ్చి తాడు పట్టుకున్నాడు. తాడు పైనుంచి వేలాడుతోంది. లాగాలంటే తల పైన పట్టుకుని కిందికి గుంజాలి, ఒక చెయ్యి తర్వాత ఇంకొక చెయ్యి. ఆయన చెయ్యి రొమ్ము దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి గుంజితే తలుపు జానెడు లేచింది. మళ్ళీ పట్టుకోబోతే తాడు జారింది, తలుపు మెల్లగా మూసుకుంది. రెండోసారి ప్రయత్నించలేదు. తాడును జాగ్రత్తగా గుంజకు ఆనించి, ఎద్దులకు చొప్ప వేయడానికి పోయాడు.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను దర్వాజను కొలిచాను, తాడును కొలిచాను, ఇసుకను తూకం వేశాను. నాయిన చెయ్యి ఎంత ఎత్తు లేస్తుందో కొలవలేదు. రోజూ చూసేదే, అయినా మరిచాను. అంగడికి ఇంకా ఒక్క రోజు ఉంది.  అప్పటికే దళారికి కబురు వెళ్ళిందని నాకు తెలుసు.

మధ్యాహ్నం తిన్న తర్వాత నాయిన పందిరి కింద నిలబడి చాలాసేపు గిరకలను చూశాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన పదేళ్ళు మోట తోలాడు. ఎద్దులు వాలులో ముందుకు నడిస్తే తోలు బొక్కెన బావిలోంచి పైకి రావడం, వెనక్కి నడిస్తే లోపలికి దిగడం, అదే మోట.

"మోటకు గిరకలు ఏడేడ ఉంటయిరా?" అన్నాడు.

"పైన ఒకటి. కింద ఒడ్డు మీద ఒకటి."

"నువ్వు ఏడ పెట్టినవ్?"

"రెండూ పైననే."

"కిందిది మర్సినవ్. గీ గుంజకు నడుమెత్తున ఒకటి పెట్టు. తాడును దాని కిందికెల్లి నా దిక్కు తియ్యి. చేతులు లేవకుంటే ఏమాయె, కాళ్ళు నడుస్తానయి గద."

నేను లేచి వడ్లాయన ఇంటికి దాదాపు పరుగెత్తాను. పొద్దు వాలకముందే మూడో గిరక గుంజకెక్కింది. తాడు చివర గోనెపట్ట చుట్టిన పెద్ద ఉచ్చు వేశాం. నాయిన ఆ ఉచ్చును నడుముకు తగిలించుకుని, కొట్టానికి వీపు పెట్టి నడిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు. ఆయన వెనుక తలుపు లేచింది. ఎదురుగా పాతిన ఇంకొక గుంజకు ఉచ్చు తగిలించి, మెడ తిరగదు కనుక మనిషే మొత్తంగా తిరిగి చూశాడు. తలుపు పందిరి కింద పడుకుని ఉంది. మళ్ళీ ఉచ్చు తీసి నడుముకు వేసుకుని, వచ్చిన అడుగులే వెనక్కి వేశాడు. తలుపు దిగి దర్వాజలో కూర్చుంది.

"ఇగ కాడి గూడ పెట్టుకో" అంది అమ్మ గడపలోంచి.

"పెట్టుకుంట. దాణా మంచిగ పెడ్తవా?"

ఎర్రెద్దు పడిపోయిన సాయంత్రం తర్వాత ఆయన అమ్మకు ఎదురు మాట చెప్పడం మళ్ళీ అప్పుడే విన్నాను.

అయినా నా గుండె దిటవు కాలేదు. మేము చూస్తుండగా చేయడం వేరు. మర్నాడు అంగడి. నన్ను బండి ఎక్కవద్దని, గ్రంథాలయం ఎక్కడికీ పోదని చెప్పి నాయిన ఒక్కడే పోయాడు. అమ్మా నేనూ చేనికి పోయాం. ఎండ నెత్తి మీదికి వచ్చినప్పటి నుంచి నా చేతులు పనిలో లేవు. తాడు తెగి ఉంటే? గాలికి తలుపు ఆయన మీద పడి ఉంటే? అమ్మ ఊరి వైపే చూస్తోంది, పైకి మాత్రం పత్తి కట్టెలు సరిగా పీకమని నన్ను కసురుతోంది.

సాయంత్రం వచ్చేసరికి వాకిట్లో బండి లేదు. తలుపు మూసి ఉంది. లోపల ఎద్దులు చొప్ప నములుతున్న చప్పుడు బయటికే వినిపిస్తోంది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. అంతకంటే మంచి చప్పుడు నాకు గుర్తు లేదు.

అప్పుడు చూశాను, పందిరి అవతల నులక మంచం మీద నాయిన, ఆయన ఎదురుగా దళారి. దళారి చేతిలో చుట్ట సగం కాలింది.

"గంట సేపటి సంది కూసున్న. ఎద్దులను బయటికి తోలడు, ధర చెప్పడు" అన్నాడు దళారి అమ్మతో. "తలుపును మాత్రం మూడుసార్లు తీసి చూపిచ్చిండు."

"చూసినవ్ గద" అంది అమ్మ. "ఇంక చాయ తాగి పో అన్న. ఎద్దులను అమ్ముతలేం."

నాయిన నన్ను దగ్గరికి పిలిచాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"కింది గిరక కూతపెడ్తాంది" అన్నాడు. "పొద్దుగాల జర ఆముదం పొయ్యి."