గెస్ట్ హౌస్‌లో మా తాతయ్య కుర్చీ

నా చిన్నప్పటి సంగతుల్లో దీన్ని మాత్రం మా మనవలకు చాలాకాలం చెప్పలేకపోయాను.

అద్దంకి వెళ్లే దారిలో మిరపచేల పక్కన ఒక పెంకుటింటి గెస్ట్ హౌస్ ఉండేది. ఎన్నికలొస్తే ఎవరికి టికెట్ ఇవ్వాలో ఆ హాల్లోనే తేల్చేవారు. ఒకసారి నాయకులు మూడు రోజులు తలుపులు వేసుకుని కూర్చుని ఏకంగా మంత్రివర్గాన్నే పడగొట్టారని ఊళ్లవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. మా తాతయ్య అక్కడ వంటవాడు. ఆ మూడు రోజులూ వాళ్లకు కాఫీలూ భోజనాలూ అందించింది ఆయనే.

నేను వినుకొండలో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఐదో తరగతిలో మాస్టారు ఆ గెస్ట్ హౌస్ గురించి చెబుతుంటే లేచి నిలబడి, "మా తాతయ్య కూడా ఆ నాయకులతో కూర్చున్నాడండీ" అనేశాను. క్లాసంతా నావైపు తిరిగి చూసింది. ఆ చూపు నాకెంతో నచ్చింది. ఆ తర్వాత రోజుకొక ముక్క అతికించుకుంటూ పోయాను.

నెల తిరక్కుండానే మాస్టారు మమ్మల్నందరినీ బస్సెక్కించి అక్కడికే తీసుకెళ్లారు. తలుపు తీసింది మా తాతయ్యే. ఖాకీ చొక్కా, భుజం మీద మసిగుడ్డ. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

హాల్లో మాస్టారు ఆయన్నే అడిగారు. "ఏమయ్యా, ఈ అమ్మాయి వాళ్ల తాతగారు కూడా ఆ మీటింగులో కూర్చున్నారట. నువ్వు చూశావా?"

తాతయ్య నావైపు చూశాడు.

"ఎందుకు చూళ్లేదండీ! అదిగో, ఆ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చున్నారు. పెద్దమనిషండీ. పాపగారిదీ అదే పోలిక" అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన అందరికీ మజ్జిగ ఇచ్చాడు. నా గ్లాసు అందిస్తూ, "తీసుకోండి పాపగారూ" అన్నాడు. అప్పటిదాకా నన్ను "ఒసే బుజ్జీ" అని తప్ప పిలిచి ఎరగడు. గ్లాసు అలాగే కిటికీ గట్టు మీద పెట్టేశాను.

దసరా సెలవులకు వెళ్లినప్పుడు ఆయన ఆ సంగతే ఎత్తలేదు. నాకిష్టమని గోంగూర వేసి మాంసం వండిపెట్టాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయి అందరూ లేచినా మోకాళ్ల మీదే ఉండిపోయాడు. పాస్టరుగారు దగ్గరికొచ్చి, "ఏం పెద్దాయనా, ఒంట్లో బాలేదా?" అని అడిగారు.

"అబద్ధమాడానండీ. అదే ఒప్పుకుంటున్నా" అన్నాడు తాతయ్య.

ఎవరి కోసమో చెప్పలేదు. నేను ఆయన పక్కనుంచి లేచి, చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.

ఇప్పుడు ఎవరడిగినా మా తాతయ్య గెస్ట్ హౌస్‌లో వంటవాడని చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. ఆయన బతికుండగా, ఆయన చెవిన పడేలా మాత్రం ఆ మాట ఒక్కసారీ అనలేకపోయాను.