మాట ఇవ్వని మందు

మా మేనత్త పోయిందని మాచర్ల నుంచి ఫోను వచ్చినప్పుడు నేను నరసరావుపేటలో క్లాసు చెబుతున్నాను. వారమైంది, ఇప్పటికీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. నిజానికి ఆ గుణం ఆమెది. అన్నం కూడా తిరుగుతూనే తినేది. వెల్దుర్తి దగ్గర తన ఊరికి ఒకసారి సర్పంచిగా చేసింది. పదవి పోయాక కూడా తగాదాలు ఆమె వాకిలికే వచ్చేవి.

డెబ్బై దాటాక త్వరగా ముదిరే రకం రక్త క్యాన్సరు వచ్చింది. గుంటూరులో డాక్టరమ్మ ఏదీ దాచలేదు.

“గట్టి కీమో మీ గుండె తట్టుకోలేదమ్మా. మీలాంటి వాళ్లకి రెండు మందులు కలిపి ఇచ్చి, ఎంతవరకు పనిచేస్తాయో పరీక్షిస్తున్నాం. తగ్గుతుందని మాట ఇవ్వలేను.”

“నీ మీద ప్రయోగమేంది అత్తా, వద్దు,” అన్నాను.

“నువ్వాగరా,” అని డాక్టరమ్మ వైపు తిరిగింది. “మాటిచ్చేవాళ్లని ఎలక్షన్లలో చానామందిని చూశా. నువ్వు నిజం చెప్పావు. కానియ్యమ్మా.”

మాత్రలు, పొట్ట మీద ఇంజెక్షన్లు. నోరంతా పూసింది. అంతకంటే ఆమెను బాధపెట్టింది గది. తెల్లకణాలు పడిపోయాయని జనంలోకి రావద్దు, ఇంట్లో ఒక గదిలోనే ఉండమన్నారు. ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉండేది. పొలం గట్టు కోసం కొట్టుకున్న అన్నదమ్ములు వస్తే మాస్కు పెట్టుకుని కిటికీలోంచే అరిచింది.

“ఒరేయ్, అన్నాలు తిన్నారా? తినొచ్చి మాట్లాడండి. కడుపు కాలేటప్పుడు తీర్పులేంది!”

తినొచ్చాక ఇద్దరి గొంతూ సగానికి దిగింది.

కొన్ని నెలలు రక్తం కుదుటపడింది. ఆ నెలలు దక్కినందుకు ఇవాళ్టికీ దణ్ణం పెట్టుకుంటాను. తర్వాత జబ్బు తిరగబెట్టింది. మందులు ఆపేద్దామని చెబుతూ డాక్టరమ్మ ఫైలు మూసి, మళ్లీ తెరిచింది. ఓదార్చింది అత్తే.

“నాకు పన్చెయ్యలేదని కూడా రాసుకో తల్లీ. నా వెనకొచ్చేవాళ్లకి అదీ తెలవాల గదా.”

నాకు మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇంకా పోలేదు.

ఆ రోజు గుంటూరు నుంచి తిరిగొస్తుంటే దారిలో ఒక మిరప కల్లం దగ్గర కారు ఆపమంది.

“దుమ్ము నీకు పడదు అత్తా.”

“ఇప్పుడింకేం పడాలిరా?”

చెప్పులు కార్లోనే వదిలి దిగింది. మాస్కు తీసేసింది. ఘాటుకు తుమ్ముతూ, నవ్వుతూ, ఎండుతున్న కాయల మధ్య నడుచుకుంటూ పోయింది. ఇంజను ఆపకుండా నేను పిలుస్తూనే ఉన్నాను. ఆమె వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఊపి, ఇంకాస్త ముందుకు నడిచింది.